మాస్టారి ఊఁ

"మళ్ళీ తెచ్చాను మాస్టారూ, ఏమీ అనుకోకండి," అంటూ పాటల టీచరు తన ల్యాప్‌టాప్‌ని నిద్రపోతున్న పసిబిడ్డను దింపినట్టు కౌంటరు మీద దింపింది.

అనుకోకుండా ఎలా ఉంటారు? ఇటుకంత మందం, ఇటుకంత బరువు ఉన్న ఆ పాతకాలపు మెషీనుకి మొన్ననే సౌండు బాగుచేసి, స్వయంగా విని, "ఊఁ" అని పంపించారు. అలా పంపించినవి తిరిగి రావడం ఈమధ్య మామూలైపోయింది. వాటికోసమని అల్మారాలో ఒక అర ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆ అర వైపు కన్ను పడినప్పుడల్లా మాస్టారు గిట్టనివాడు ఎదురైనట్టు మొహం తిప్పుకుంటున్నారు.

ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవారు కాదు. పాత ల్యాప్‌టాప్‌ల గొంతు పోయినా, బొంగురుపోయినా, జబ్బు ఎక్కడుందో వినే చెప్పేస్తారని బజారులో వాళ్ళు 'చెవి మాస్టారు' అని పేరు పెట్టారు. స్పీకరు పొర చిరిగితే ఒక రకం గరగర. వాల్యూమ్ చక్రంలో దుమ్ము చేరితే ఇంకో రకం. హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రంలో రేకు చిలుము పట్టి కలుసుకోకపోతే, హెడ్‌ఫోన్ పెట్టే ఉందన్న భ్రమలో మెషీను అసలు నోరే విప్పదు. ఇవన్నీ ఆయనకు కొట్టినపిండి. కొట్లో పద్ధతి కూడా ఆ చెవి చుట్టూనే ఏర్పడింది. మెషీను విప్పేది, బోర్డు మీద రసం కారిపోయిన కెపాసిటర్లు పీకి కొత్తవి వేసేది, టంకం పెట్టేది కోడలు. చివరికి వినేది మాస్టారు. ఆయన కళ్ళు మూసుకుని విని "ఊఁ" అంటే పని అయిపోయినట్టే. ఆ తర్వాత మూత బిగించడమే తప్ప లోపలి బోర్డు ఎవరూ ముట్టకూడదు.

"ఏమైందమ్మా, పాట రావట్లేదా?"

"పాట బ్రహ్మాండంగా వస్తోందండీ. వెనకాల ఏదో సన్నగా కీచుమంటోందట."

"అంటోందట ఏమిటి? మీకు వినపడట్లేదా?"

టీచరు ఇబ్బందిగా కొంగు సర్దుకుంది. "నాకు ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. పిల్లలదే గోల. స్క్రీను వెలగ్గానే అందరూ చెవులు మూసేసుకుంటున్నారు. నిన్న ఒక పిల్లయితే ఏడుపు లంకించుకుంది. నేను కట్టిన పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి మాస్టారూ. కొత్త కంప్యూటర్లలో ఇవి తెరుచుకోవట్లేదు."

మాస్టారికి నవ్వొచ్చింది. "అయిదేళ్ళ పిల్లలు ఏడవడానికి కారణం కూడా కావాలా తల్లీ," అంటూ మెషీనుని వెనకనున్న పనిబల్ల మీదికి పట్టుకెళ్ళి, దీపం కింద పెట్టి, పాట పెట్టారు. వానచినుకులు లెక్కపెట్టే చిన్న పాట అది. కళ్ళు మూసుకుని విన్నారు. గొంతు నిండుగా, గుండ్రంగా ఉంది. అడుగున బొంగురు లేదు, మధ్యలో చిటపట లేదు. వాల్యూమ్ తగ్గించి విన్నారు, పెంచి విన్నారు.

"ఏమీ లేదే," అన్నారు.

బల్లకు అవతలి పక్క నిలబడ్డ కోడలు స్క్రీను వెలిగినప్పుడే నొసలు ముడిచింది. "ఉంది మామయ్యా," అంది. "మొన్నా ఉంది, ఇప్పుడూ ఉంది."

"మొన్న నేను ఊఁ అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మీరు చెయ్యి ఊపేశారు."

టీచరు ముందు ఆ మాట మాస్టారికి చురుక్కుమంది. తగవు తేల్చడానికి మూడో మనిషి కావాలనిపించి, పక్క కొట్లోకి తొంగిచూసి గడియారాలాయన్ని కేకేశారు. గడియారాలాయన నుదుటి మీద భూతద్దం అలాగే ఉంచుకుని, పెళ్ళివారు పిలిచినట్టు వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు, ఒకే పంతులుగారి చేత ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళు. అతను చేతి గడియారాన్ని వినే పద్ధతిలో ఒక చెవి స్పీకరుకి ఆనించి, రెండో చెవి వేలితో మూసి, చాలాసేపు ఉన్నాడు.

"చీమ నడిచిన చప్పుడైనా లేదురా," అని తేల్చాడు.

"విన్నావా? రెండు కాదు, నాలుగు చెవులు చెబుతున్నాయి," అన్నారు మాస్టారు కోడలితో. "లేని జబ్బు ఒకటి కనిపెట్టి ఊరంతా చాటుతున్నావు. నేను ఊఁ అన్నాక మళ్ళీ బోర్డు విప్పడం నీకు అలవాటు. మొన్న వేసవిలో చేస్తుండగా పట్టుకున్నానా, లేదా? ఈ తిరిగొచ్చే గొడవ అప్పట్నుంచే మొదలైంది."

"అప్పట్నుంచి నేను విప్పట్లేదు మామయ్యా."

"విప్పకపోతే మరి ఎందుకొస్తున్నాయి?"

కోడలు ఆయన మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, గడియారాలాయన్నీ టీచరునీ చూసి, మానేసింది. ఆ మౌనం మాస్టారికి తప్పు ఒప్పుకున్నట్టుగా కనిపించింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇవాళ్టి నుంచి నువ్వు ముందు కౌంటర్లో కూర్చో. వచ్చినవాళ్ళకి రసీదులు రాసివ్వు. ఈ బల్ల నేను చూసుకుంటాను."

"అయ్యో, నేను అమ్మాయిని ఒక్క మాట కూడా అనలేదండీ," అంది టీచరు కంగారుగా.

"మీరు అనక్కర్లేదు. చెయ్యి మారితే అదే బాగుపడుతుంది," అన్నాడు గడియారాలాయన, మధ్యవర్తికి ఉండాల్సిన గంభీరంతో.

కోడలు వేడిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజికి తుడిచి స్టాండులో పెట్టింది. ప్లగ్గు పీకింది. మణికట్టుకున్న ఎర్త్ పట్టీ విప్పి మేకుకు తగిలించింది. విడి స్క్రూలున్న మూతలో దుమ్ము పడకుండా ఇంకో మూత బోర్లించింది. అన్నీ ఎప్పుడూ చేసేట్టే చేసి, ఎవరి మొహమూ చూడకుండా ముందుకెళ్ళి, కౌంటరు వెనక ఎత్తు తక్కువ స్టూలు మీద వీధి వైపు తిరిగి కూర్చుంది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆ బల్ల దగ్గరే పనిచేసిన మనిషి ఆమె.

*

మర్నాటి నుంచి మాస్టారు బల్ల ముందు కూర్చున్నారు. ఐరన్ పట్టుకుని చాలా ఏళ్ళైంది. టంకం తీగ ఒకచోట పెట్టబోతే ఇంకోచోట అంటుకుంటోంది. కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

కనపడని జబ్బుకు మందు వెయ్యడమంత చిరాకు పని ఇంకోటి లేదు. టీచరు మెషీనుకి స్పీకరు మార్చారు. ముందూ బాగానే ఉంది, మార్చాకా బాగానే ఉంది. హెడ్‌ఫోన్ రంధ్రంలో స్పిరిట్టులో ముంచిన పుల్ల పెట్టి తోమారు. వాల్యూమ్ చక్రం శుభ్రం చేశారు. కోడలు వేసిన కెపాసిటర్లు కొత్తవే అయినా వాటినీ పీకి ఇంకో పెట్టెలోవి వేశారు. పని అయ్యాక ప్రతిసారీ కళ్ళు మూసుకుని విని "ఊఁ" అనుకున్నారు. అనుకున్నాక కూడా కుదురుగా కూర్చోలేకపోయారు. లేచి గుమ్మం దాకా వెళ్ళడం, వీధిలోకి చూడటం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, మూత బిగించిన మెషీనునే మళ్ళీ తెరవడం. రోజంతా కాలుకాలిన పిల్లిలా తిరిగారు.

కోడలు అటు తిరిగే కూర్చుంది. అడిగితే జవాబు చెప్పింది, అడగకపోతే లేదు. ఒకసారి మాస్టారు టీచరు మెషీను స్క్రీను వెలిగించినప్పుడు ఆమె భుజాలు కాస్త పైకి ముడుచుకోవడం, ఆర్పగానే సర్దుకోవడం చూశారు. కావాలనే చేస్తోందనుకున్నారు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండానే అది జరిగిందన్న సంగతి మాత్రం ఆయనకు అప్పుడు తట్టలేదు.

కబురు పెడితే టీచరు వచ్చి మెషీను తీసుకెళ్ళింది. రెండో రోజుకల్లా వెనక్కి పట్టుకొచ్చింది. ఈసారి పిల్లలు ఏడవలేదుట, మెషీను తెరిచే లోపే బల్లల కిందకి దూరారుట. ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు, అలసట ఉంది. "వచ్చే వారం తల్లిదండ్రుల ముందు పాడించాలి మాస్టారూ. శనివారం దాకా చూస్తాను. కాకపోతే ఈసారికి పాటలు మానేస్తాను," అంది. గిన్నె పగలగొట్టినవాడిలా మాస్టారు ఆ మెషీను అందుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య ఇంకో కబురు చెప్పింది.

"అమ్మాయి సోమవారం నుంచి ఆ ఫోన్లు బాగుచేసే సర్వీస్ సెంటర్లో చేరుతోంది కదా. పొద్దున్నే వెళ్ళాలట."

ముద్ద మాస్టారి చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేమిటి, మీకే ముందు చెప్పానంది. నిన్న సాయంత్రం కొట్లో, కౌంటరు దగ్గర్నుంచి చెప్పిందట. మీరు ఊఁ అన్నారట."

మాస్టారు నీళ్ళు నమిలారు. కోడలు నిన్న సాయంత్రం అటు తిరిగే ఏదో అన్న మాట నిజం. ఏదో రసీదు సంగతి అయ్యుంటుందని ఈయన ఊఁ కొట్టిన మాటా నిజమే. "చెప్పింది, చెప్పింది. మర్చిపోయాను," అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కొడుకు ఊళ్ళ మధ్య తిరిగే బస్సు డ్రైవరు, ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "మీ ఇద్దరి మధ్యలో నేను దూరను నాన్నా," అని ముందే చెప్పేసి కంచం ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

పోతే పోనీ అనుకోవాలని మాస్టారు చాలా ప్రయత్నించారు. కొట్టు మొదలుపెట్టింది తనే కదా, ఆమె రాకముందు నడవలేదా. కానీ ఆ రోజు ఆయన వేసిన టంకం చుక్కలు పెసలూ కందులూ కలిపి జల్లినట్టు ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్న సంగతి ఆయన కళ్ళకు తెలుసు.

*

తర్వాతి రోజు లైబ్రరీ గుమాస్తా వచ్చాడు. అతనిదీ టీచరుదీ ఒకే మోడల్. మూత కీలు విరిగి, పుస్తకాల దొంతికి చేరగిలేసి వాడుకుంటున్నాడట.

"సౌండు ఎలా ఉంది?" అని అడిగారు మాస్టారు, పుండు తడిమి చూసుకున్నట్టు.

"గంటలా ఉందండీ. పోయిన సంవత్సరం మీరు చేసిందే కదా."

గుమాస్తా వెళ్ళాడు. మధ్యాహ్నమైంది. కోడలు భోజనానికి ఇంటికి వెళ్ళింది. మాస్టారు ఆకలి లేదని ఉండిపోయారు. ఎండకు వీధిలో మనుషుల్లేరు, గుమ్మంలో నీడకు ఒక కుక్క పడుకుని ఉంది. కీలు మార్చాలంటే పై డొప్ప మొత్తం విప్పాలి. విప్పారు. దీపం దగ్గరికి లాక్కుని, బోర్డు చూసి ఆగిపోయారు.

స్పీకరుకు గొంతునిచ్చే చిప్పు కాలి దగ్గర్నుంచి చట్రం స్క్రూ దాకా వెంట్రుకంత సన్నటి వైరు ఒకటి పరిచి ఉంది. కదలకుండా దాన్ని మధ్యలో ఒకచోట ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్కతో ఎవరో అంటించారు. టంకం చుక్కలు రెండూ ఆవగింజల్లా ఉన్నాయి. ఆ చేతి పని ఎవరిదో మాస్టారికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ వైరు తను చెయ్యమన్నది కాదు. పోయిన సంవత్సరం ఈ బోర్డుని ఆయన విని ఊఁ అన్నప్పుడు ఈ వైరు లేదు.

ఎందుకు వేసినట్టు? అద్దం పెట్టి వైరు కింద చూశారు. ఎప్పుడో కారిన కెపాసిటర్ రసం అక్కడి రాగి దారిని సగం తినేసింది. కెపాసిటర్లు మారిస్తే పాట వచ్చేస్తుంది, నిజమే. కానీ ఆ సగం తెగిన దారిలోంచి స్క్రీనుని వెలిగించే దీపం తాలూకు రొద కూడా పాటలోకి చొరబడుతుంది. ఇది అర్థం కాని మనిషి కాదు మాస్టారు. అయితే ఆ రొద చెవికి తెలియాలి కదా, తనకు తెలియలేదే.

మూలన గుడ్డ కప్పి ఆసిలోస్కోపు ఉంది. శబ్దాన్ని తెరమీద ఆకుపచ్చ గీతగా చూపించే పాత పెట్టె. దాన్ని కోడలే వాడేది. చెవులుండగా కళ్ళతో వినడమేమిటని ఆయన ఆటపట్టించేవారు. గుడ్డ తీసి, దుమ్ము దులిపి, దాని మొన స్పీకరు తీగకు తగిలించారు. మెషీను వెలిగించారు. పాట ఏదీ పెట్టలేదు. గీత గీసినట్టు సన్నగా నిలబడింది.

అప్పుడు పట్టకారుతో వైరు ఒక కొస పైకి లేపారు.

గీత ఒక్కసారిగా లావెక్కి, గొంగళిపురుగులా నూగు తొడిగింది. స్క్రీను వెలుతురు పెంచితే నూగు పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. మాస్టారు తల వంచి స్పీకరుకి చెవి ఆనించారు. చల్లటి రేకు తగిలింది. తెరమీద నూగు ఊగుతూనే ఉంది. చెవిలో మాత్రం తన నెత్తురు కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎడమ చెవి తీసి కుడి చెవి పెట్టారు. వాల్యూమ్ చివరిదాకా తిప్పారు. గుమ్మంలో కుక్క తలెత్తి, చెవులు విదిలించుకుని, లేచి రోడ్డు దాటి అవతలి అరుగు కిందికి పోయి పడుకుంది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అల్మారా అరలో ఉన్న మెషీన్లు ఒక్కోటీ దించి విప్పారు. ఒక్కదాంట్లోనూ ఎర్రచుక్క లేదు. అవన్నీ వేసవి తర్వాత, తను గద్దించిన తర్వాత చేసినవి. ఆమె చెయ్యి పెట్టినందువల్ల అవి తిరిగి రాలేదు. చెయ్యి పెట్టడం మానేసినందువల్ల వచ్చాయి. అంతకుముందు ఈ కొట్టునుంచి వెళ్ళిన ప్రతి మెషీనునీ తను ఊఁ అన్నాక ఆమె ఎప్పుడో దొంగచాటుగా విప్పి, వైరు వేసి, మూసి పంపింది. ఊరంతా తన చెవిని మెచ్చుకుంది.

ముందు కోపమే వచ్చింది. చెప్పొచ్చు కదా అనుకున్నారు. చెప్పింది, చెయ్యి ఊపేశారు. ఆ చెయ్యి ఊపడం ఆయనకు ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది, ఈగను తోలినట్టు. వైరు కొసను మళ్ళీ అతికించడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

*

"అమ్మాయి నీతో ఎప్పుడైనా మెషీన్ల సంగతి చెప్పిందా?" అని సాయంత్రం భార్యను అడిగారు. బట్టలు మడతపెడుతున్న ఆవిడ చెయ్యి ఆపలేదు.

"చెప్పేదేముంది. రెండేళ్ళ పాటు మీరు మధ్యాహ్నం ఇంటికొచ్చి తినేవారు, తను మాత్రం డబ్బా పట్టుకెళ్ళి కొట్లోనే తినేది. ఎందుకనుకున్నారు? మొన్న వేసవి నుంచే కదా మనతో కలిసి తింటోంది."

"నీకు తెలిసి కూడా నాకు ఒక్క మాట అనలేదు."

"వద్దంది. మామయ్య మనసు కష్టపెట్టుకుంటారు అత్తయ్యా అంది. నాకూ అదే నిజమనిపించింది." ఆవిడ చొక్కా మడత ఒడిలో పెట్టుకుని ఆయన వైపు చూసింది. "మీ చెవులకి వయసొస్తే తప్పేమిటండీ? మోకాళ్ళకి రాలేదా?"

మోకాళ్ళ పేరుమీద తనకు ఎవరూ బిరుదు ఇవ్వలేదని అనబోయి మానేశారు. ఆ రాత్రి పక్కమీద ఇటు దొర్లి అటు దొర్లి గడిపారు.

తెల్లవారేసరికి ఆయన బుర్ర ఒక దారి కనిపెట్టింది. స్కోపు ఉంది కదా. చెవి చేసే పని అది చేస్తుంది. తెరను గోడ వైపు తిప్పి పెట్టుకుంటే ఎవరికీ కనపడదు. కళ్ళు మూసుకుని విన్నట్టు నటించి, గీత చూసి ఊఁ అనొచ్చు. కోడలు సోమవారం వెళ్ళిపోతుంది, గౌరవంగానే వెళుతుంది, ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకోనక్కర్లేదు. ఆ పూటంతా ఆయన అదే పని చేశారు. టీచరు మెషీనులో తినేసిన దారి వెతికి, కోడలు వేసినట్టే చట్రం స్క్రూ దాకా వైరు లాగి, జిగురు చుక్కతో అంటించారు. స్కోపు మీద నూగు రాలిపోయి గీత సన్నబడింది. మూత బిగించి, ముందు కూర్చున్న కోడలి వీపు వైపు చూశారు. ఈసారి స్క్రీను వెలిగినప్పుడు ఆమె భుజాలు ముడుచుకున్నాయో లేదో చూసే ధైర్యం చెయ్యలేదు.

పని కుదిరినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. దొరలా బతికిన కొట్లో దొంగలా మసలుతున్నట్టుంది.

*

శనివారం టీచరు వచ్చింది. గడియారాలాయన అప్పటికే తన టీ గ్లాసు పట్టుకొచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మాస్టారు మెషీను తెచ్చి కౌంటరు మీద పెట్టి స్క్రీను వెలిగించారు. టీచరు పాట పెట్టుకుని, తల వంచి విని, "నాకు ఇదివరకు అప్పుడప్పుడూ అనిపించే ఆ కీచు కూడా ఇప్పుడు లేదండీ," అంది. ఆవిడ మొహం విప్పారింది. "ఎంతైనా మీ చెవే చెవి మాస్టారూ."

"మొన్నే చెప్పానా, చెయ్యి మారితే బాగుపడుతుందని," అన్నాడు గడియారాలాయన టీ ఊదుకుంటూ.

కోడలు రసీదు రాస్తోంది. తల ఎత్తలేదు. రాస్తున్న చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. మాస్టారు వంగిన ఆ మెడ వైపే చూస్తుండిపోయారు. ఇప్పుడు ఊఁ అంటే చాలు, అంతా సర్దుకుంటుంది. ఆ చిన్న మాట నోట్లోంచి రాలేదు.

"నువ్వు కాస్త ఆగరా," అన్నారు గడియారాలాయనతో. "ఆ కీచు చప్పుడు మొదట్నుంచీ ఉంది. పిల్లలు చెప్పింది నిజం. అమ్మాయి చెప్పింది నిజం. నాకు వినపడదు. నీకూ వినపడదు."

గడియారాలాయన గ్లాసు దించాడు. "నాకెందుకు వినపడదు? చేతి గడియారం చప్పుడు వింటాను నేను."

"గడియారం వినపడుతుంది. ఇది వినపడదు. మన వయసుకి ఇది పోతుంది."

గడియారాలాయన మొహం చిన్నబోయింది. చూపుడువేలు చెవిలో పెట్టి తిప్పుకుని, ఎవరో తన గడియారం లాక్కున్నట్టు చూశాడు. టీచరు ఎటు చూడాలో తెలియక మెషీను మూత నిమురుతోంది.

"అమ్మా," అన్నారు మాస్టారు. "ఒకసారి వచ్చి విను."

కోడలు వెంటనే లేవలేదు. పెన్ను మూత పెట్టింది. లేచి, మెషీను ముందుకొచ్చి, పాట ఆపేసి, స్క్రీను వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ తల ఒక పక్కకి వంచి నిలబడింది. మాస్టారు ఆమె మొహంలోకి పరీక్ష రాసినవాడిలా చూశారు.

"చాలా తగ్గింది," అంది. తర్వాత మెల్లగా, "ఇంకా కొంచెం ఉంది మామయ్యా," అంది.

"గీత సన్నగా వచ్చిందే."

"స్కోపులో దాన్ని ఇంకా పెద్దది చేసి చూడాలి. వైరు పొడుగైనట్టుంది. స్క్రీను దీపానికి కరెంటిచ్చే డబ్బా పక్కనుంచి లాగారా?"

"లాగాను."

"అవతలి స్క్రూకి వెయ్యాలి. ఇలా ఉంటే పెద్దవాళ్ళకి తెలీదు. పిల్లలకి తెలుస్తుంది."

మాస్టారు టీచరు వైపు తిరిగారు. "ఒక గంట కూర్చోగలరా అమ్మా? నేను చేసింది సరిగ్గా రాలేదు." ఆ తర్వాత ఆయన ఆగితే మళ్ళీ అనలేనేమో అన్నట్టు గబగబా అన్నారు. "మొన్న వేసవి దాకా రెండేళ్ళ పాటు మనం పంపిన మెషీన్లు బాగున్నాయంటే ఈ అమ్మాయి చలవే. మధ్యాహ్నం అన్నం మెతుకులు గొంతులో ఉండగానే కూర్చుని బాగుచేసింది. మీ అందరి ముందే దీన్ని బల్ల దగ్గర్నుంచి లేపాను. అందుకే మీ అందరి ముందే చెబుతున్నాను, తప్పు నాది."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి ఆమె మెషీను తిరగేసి అడుగున స్క్రూలు వెతకడం మొదలుపెట్టింది.

"సోమవారం వెళ్ళకమ్మా," అన్నారు మాస్టారు.

మొదటి స్క్రూ ఊడి కౌంటరు మీద దొర్లింది. కోడలు దాన్ని వేలితో ఆపి, "ఉంటే ఎక్కడ కూర్చోవాలి మామయ్యా?" అని అడిగింది.

ఆ ప్రశ్నలో కోపం లేదు. కోపం ఉంటే మాస్టారికి కాస్త తేలిగ్గా ఉండేది. ఆయన లోపలికి వెళ్ళి, పనిబల్ల ముందున్న తన కుర్చీ వెనక్కి లాగి, పక్కకి తప్పుకున్నారు. కోడలు వచ్చి కూర్చుంది. కుర్చీ ఎత్తు తనకు సరిపోయేట్టు పెంచుకుంది. దీపం దగ్గరికి లాక్కుంది.

"వాళ్ళకి రానని చెబుతాను," అంది బోర్డు మీంచి చూపు తిప్పకుండా. "కానీ ఇకమీదట దొంగచాటుగా ఏదీ చెయ్యను. బాగోలేకపోతే అందరి ముందే బాగోలేదంటాను. మీకు కష్టమనిపించినా అంటాను."

"కష్టంగానే ఉంటుంది," అన్నారు మాస్టారు. "అయినా అను."

గడియారాలాయన మిగిలిన టీ తాగకుండానే లేచి తన కొట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కడ ఒక గడియారం ఆగకుండా గణగణ మోగింది, ఆపి మళ్ళీ మోగించాడు. పాపం, పరీక్షించుకుంటున్నాడు. సాయంత్రం వెళ్ళి బుజ్జగించాలి అనుకున్నారు మాస్టారు.

చెయ్యడానికి పనేమీ తోచక ముందుకొచ్చి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్నారు. అది ఆయనకు మరీ కురచ. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. వీధి ఎండ సూటిగా మొహాన పడుతోంది. ఇన్ని రోజులూ కోడలు ఈ ఎండలోనే కూర్చుంది.

అంతలో చేతిసంచీతో ఎవరో కొత్త మనిషి గుమ్మం ఎక్కాడు. సంచీలోంచి ఒక పాత ల్యాప్‌టాప్ తీసి, "చెవి మాస్టారంటే మీరేనాండీ? ఇది గరగరమంటోంది. మీరే వినాలి, ఇంకెవరికిచ్చినా లాభం లేదన్నారు," అన్నాడు.

స్నేహితుడి ముందు చెప్పడం వేరు, ఊరూ పేరూ తెలియని మనిషి ముందు చెప్పడం వేరు. లోపల ఐరన్ వేడెక్కిన వాసన వస్తోంది.

"నా చెవులు మునుపట్లా లేవండీ," అన్నారు. "ఇప్పుడు మా కోడలు వింటుంది."

ఆ మనిషి మొహం మాడిపోతుందని, సంచీ సర్దుకుని వెళ్ళిపోతాడని ఎదురుచూశారు. అతను లోపలికి ఒకసారి చూశాడు. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సరే. ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు.

రెండు రాత్రులు తనకు కునుకు లేకుండా చేసిన మాటను ఇతను ఇంత తేలిగ్గా ఒప్పేసుకున్నందుకు మాస్టారికి ఒళ్ళు మండింది. అయ్యో అని ఒక్క మాటైనా అనలేదు.

"ముందొకావిడ ఉన్నారు," అన్నారు టీచరు పక్కన ఖాళీగా ఉన్న బెంచీ చూపిస్తూ. "కూర్చోండి."